నాన్నగారి డీటీపీ సిస్టమ్‌కి విండోస్ 10 అయిపోయింది, లోపల పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి, ఏం చెయ్యమంటారు?

పటమట_అమ్మాయి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా నాన్నగారికి గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ షాపు ఉంది, 1998 నుంచి నడుపుతున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, మధ్యమధ్యలో ఏలూరు రోడ్డు పబ్లిషర్లకి కవిత్వం పుస్తకాలు కూడా కంపోజ్ చేసిచ్చేవారు. ఇప్పుడున్న సిస్టమ్ 2014లో కొన్నది, ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు దానికి తోడు విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది అని స్క్రీన్ నిండా వస్తోంది, అది వచ్చినప్పుడల్లా నాన్న "ఇది ఆగిపోతుందా అమ్మా" అని అడుగుతున్నారు.

దగ్గర్లో ఒకాయన్ని పిలిచి చూపిస్తే ఇది ఇక పనికిరాదు, కొత్తది 45 వేలవుతుంది, పాతది నాకిచ్చేస్తే రెండు వేలు తగ్గిస్తా అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. నాన్నకి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి చేతకాదు, 'అను' అనే తెలుగు ఫాంట్లలోనే కొడతారు, ఆ హార్డ్ డిస్క్‌లో నాలుగు వేల పైన ఫైళ్లున్నాయి. కొత్తది కొంటే అవి తెరుచుకుంటాయా? కొనకుండా గడిచే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_సర్వీసు | ఆదివారం, రాత్రి 9:40

అమ్మా ముందు నాన్నగారికి చెప్పండి, ఆగిపోదు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఇవ్వడం ఆపింది, అంతే, సిస్టమ్ రేపు కూడా ఆన్ అవుతుంది ఎల్లుండి కూడా అవుతుంది. ఆగేది ఏంటంటే కొత్తగా బయటపడే లోపాలకి అతుకు వెయ్యడం. దానికి కూడా ఇంకో ఏడాది గడువు ఉంది, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి సెట్టింగులు బ్యాకప్‌కి ఒప్పుకుంటే డబ్బులక్కర్లేదు, వద్దనుకుంటే 30 డాలర్లు కట్టాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనపడుతుంది, మీది 22హెచ్2 వెర్షన్ అయ్యుండాలి, కాకపోతే ముందు అది వేసుకోవాలి.

విండోస్ 11 మాత్రం దానికి లెక్క ప్రకారం ఎక్కదు. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ చేసి ఆ చెకింగ్ దాటించి ఎక్కించేవాళ్లున్నారు, నేనూ సొంత మిషన్‌లో ఎక్కించాను, కానీ షాపు సిస్టమ్‌కి అట్టా చెయ్యను, ఏ అప్‌డేట్ కాడ మొండికేస్తదో ఎవరూ చెప్పలేరు.

ఆ స్లో సంగతి అంటారా, అది ప్రాసెసర్ తప్పు కాదు, హార్డ్ డిస్క్. దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వెయ్యండి, 256 జీబీ చాలు, పైన ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్. పోయిన నెల అరండల్‌పేటలో ఒకరికి సరిగ్గా ఇట్టాంటి మిషన్‌కే వేశాను, నాలుగు వేల లోపే అయింది, ఆన్ చేస్తే ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేసింది. ఆ పాత డిస్క్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, రెండు వేలు కాదు కదా ఇరవై వేలిచ్చినా ఇవ్వొద్దు.

మంగళగిరి_టెస్టర్ | ఆదివారం, రాత్రి 10:05

సర్వీసు అన్నా మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఇక్కడ ఒప్పుకోను. పదకొండేళ్ల మదర్‌బోర్డు మీద ఇంకా నాలుగు వేలు పెట్టడం ఎందుకు, కెపాసిటర్ ఒకటి పోతే ఆ నాలుగు వేలూ పోయినట్టే కదా. షాపు సిస్టమ్ అంటే కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులన్నీ గుచ్చుతారు, అదే సిస్టమ్‌లో కరెంటు బిల్లు కడతారు, బ్యాంకు తెరుస్తారు. సపోర్ట్ లేని ఓఎస్‌లో బ్యాంకు పని చెయ్యడం నావరకు నేను మా ఇంట్లో ఎవర్నీ చెయ్యనివ్వను. కంపెనీలు వాడి వదిలేసిన ఎనిమిదో జనరేషన్ డెస్క్‌టాపులు సెకండ్స్‌లో పదిహేను వేల చుట్టుపక్కల దొరుకుతున్నాయి, వారంటీ బిల్లు ఇచ్చే చోట అదొకటి తీసుకోండి, విండోస్ 11 దర్జాగా ఎక్కుతుంది.

లినక్స్_కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:21

ఇద్దరూ మర్చిపోయింది నేను చెప్తా. విండోస్ బదులు లినక్స్ మింట్ 22 వెయ్యండి అక్కా, రూపాయి ఖర్చు లేదు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, 4 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది. మా గుంటూరు ఇంట్లో 2012 ల్యాప్‌టాప్‌లో వేశా, మా అమ్మ యూట్యూబ్, వాట్సాప్ వెబ్, పంచాంగం అన్నీ దాంట్లోనే చూసుకుంటుంది, రెండేళ్లయింది ఒక్కసారి కూడా ఫార్మాట్ కొట్టలేదు.

బ్రాడీపేట_సర్వీసు | ఆదివారం, రాత్రి 10:33

తమ్ముడూ అమ్మగారి యూట్యూబ్ వేరు, అరవై ఏళ్లాయన బతుకుతెరువు వేరు. పేజ్‌మేకర్‌కి లినక్స్ వెర్షన్ లేనే లేదు, లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో ఎక్కించినా ఆ అను కీబోర్డు ఎట్టా పనిచేస్తదో నువ్వు పూచీ ఉంటావా? పాత లేజర్ ప్రింటర్లలో సగానికి లినక్స్ డ్రైవర్ దొరక్క నేను రాత్రిళ్లు కూర్చున్న రోజులున్నాయి. రేపు పొద్దున పెళ్లివాళ్లు కార్డు ప్రూఫ్ కోసం వచ్చి నుంచుంటే ఆయన పరిస్థితి ఏంటి.

లినక్స్_కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:41

ప్రింటర్ సంగతి ఒప్పుకుంటున్నా అన్నా, అది లినక్స్ వెయ్యకముందు చూసుకోవాల్సిందే. కానీ ఒకటి, లిబ్రేఆఫీస్ డ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుంటాయి, 4.4 వెర్షన్ నుంచీ ఉంది ఆ సౌకర్యం, విండోస్‌లో కూడా వేసుకోవచ్చు. పేజీ అమరిక కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ లోపలి మేటర్ బయటికొస్తుంది. అక్కా ఒక్క ఫైలు ట్రై చేసి చూడు.

ఏలూరురోడ్డు_ప్రూఫులు | సోమవారం, ఉదయం 6:15

అమ్మాయీ, నేను ముప్ఫై రెండేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, మీ నాన్నగారి లాంటి షాపుల్లోనే సాయంత్రాలన్నీ గడిచాయి నాకు. రాత్రి నుంచీ అందరూ మిషను గురించే రాశారు. మిషను ఇవాళ కాకపోతే రేపు ఇంకోటి వస్తుంది. నాకు దిగులుగా ఉన్నది ఆ నాలుగు వేల ఫైళ్ల గురించి.

నేను కంప్యూటర్ చదువు చదవలేదు, దగ్గరుండి చూసి తెలుసుకున్నది చెప్తాను. అను లాంటి ఫాంట్లలో మనకి తెరమీద "క" అని కనపడుతుంది గానీ లోపల దాచుకున్నది "క" కాదు, ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో, దాని మీద మన "క" బొమ్మ అంటించారు. తలకట్టు ఒక బొమ్మ, కొమ్ము ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. యూనికోడ్ అట్లా కాదు, అందులో "క" కి ప్రపంచమంతా ఒకటే నంబరు, 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చారు, 128 గళ్లు. ఏ ఫోన్‌లో తెరిచినా అది "క" గానే ఉంటుంది.

ఆ రోజుల్లో యూనికోడ్ తెలుగు పేజ్‌మేకర్‌కి పట్టేది కాదు, అందుకే ప్రెస్సులన్నీ అను, శ్రీలిపి లాంటివాటి మీదే బతికాయి, అవే లేకపోతే విజయవాడలో అన్ని వేల పుస్తకాలు అచ్చయ్యేవి కావు. దాన్ని నేను తప్పు పట్టను. ఒక పని చెయ్యి. ఏదైనా పాత ఫైలు తెరిచి ఒక పేరా కాపీ చేసి నీ ఫోన్‌కి వాట్సాప్ చేసుకో, ఏమొచ్చిందో ఇక్కడ చెప్పు.

పటమట_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:50

చేశానండీ. భోజనానికి వెళ్లినప్పుడు నాన్న పక్కనే కూర్చుని చేశా. 2003లో వేసిన ఒక శుభలేఖ తెరిచాం, "చి.ల.సౌ." అన్న లైను నుంచి కింద ముహూర్తం దాకా కాపీ చేసి పంపితే ఫోన్‌లో ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిమీద గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కామాలు, పౌండు గుర్తు, ప్లస్సులు. నాన్న ఫోన్ తీసుకుని కళ్లజోడు పైకి పెట్టి చాలాసేపు చూశారు. "ఇదంతా ఇట్లా ఉందా లోపల" అన్నారు. తర్వాత ఏం మాట్లాడలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నిన్నటిదాకా నేను సిస్టమ్ గురించే కంగారు పడ్డాను. ఇప్పుడు నిజంగా భయమేస్తోంది. ఆ ఫాంట్లు రేపు ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కకపోతే ఇవన్నీ ఏమవుతాయండీ?

మంగళగిరి_టెస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 2:20

నిన్న నేను కొత్తది కొనమని చెప్పి ఊరుకున్నా, ఈ కోణం నాకు తట్టలేదు. ఇంకో సంగతి కూడా కలుపుతున్నా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది, ఆ తర్వాత దాన్ని తయారుచేసే అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోయింది. ఇన్‌డిజైన్‌లో కూడా సీఎస్6 వరకే పేజ్‌మేకర్ ఫైళ్లు నేరుగా తెరుచుకునేవి, ఇప్పుడొచ్చే సీసీ వెర్షన్లలో ఆ వీలు తీసేశారు. అంటే ఫాంటు ఒక తాళం, ఫైలు రకం ఇంకో తాళం. నాలుగేళ్లు ఆగితే ఇంకా కష్టమవుతుందే గానీ తేలికవదు.

సింగ్‌నగర్_డీటీపీ | సోమవారం, రాత్రి 8:30

ఈ థ్రెడ్ పొద్దుటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆగా. రాస్తున్నా.

మాదీ డీటీపీనే, అజిత్‌సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వరద మా వీధిలోకి వచ్చింది. మేము పైఅంతస్తులో ఉంటాం, షాపు కింద. పొద్దున చూస్తే మెట్ల మీద నీళ్లు, గంటలో షట్టర్ సగం మునిగింది, ఇంక కిందకి దిగే దారి లేదు. సీపీయూ టేబుల్ కింద నేల మీద ఉంది. బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా ఉంది నాకు, లేదనుకోకండి, కొని మూడేళ్లు ప్రతి నెలా కాపీ చేశా, కానీ పెట్టింది ఎక్కడ, అదే టేబుల్ సొరుగులో.

నీళ్లు తీసి లోపలికెళ్లేసరికి రోజులు పట్టింది. సీపీయూ డబ్బా విప్పితే అడుగున బెత్తెడు బురద, ఎండి పగుళ్లిచ్చింది, ఫ్యాను రెక్కల మధ్య గడ్డిపరక. డిస్క్ తీసి గుడ్డతో తుడిచి రెండు రోజులు ఎండలో పెట్టి కరెంటు ఇచ్చా. టిక్ టిక్ టిక్ అని నాలుగుసార్లు అంది, ఆగిపోయింది. తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు, తడిసిన డిస్క్‌ని ఎండబెట్టకూడదంట, కరెంటు అసలు ఇవ్వకూడదంట, ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టి రికవరీ వాళ్లకి ఇవ్వాలంట. అప్పటికి నేను రెండూ చేసేశా. రికవరీకి అడిగితే వాళ్లు చెప్పిన డబ్బు నా దగ్గర లేదు, పైగా గ్యారంటీ కూడా లేదన్నారు.

మిగిలింది ఏంటో తెలుసా? కస్టమర్లకి జీమెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌లు. సెంట్ ఫోల్డర్‌లో ఆరేళ్లవి ఉన్నాయి. మా వీధి గుడి కరపత్రాలు, పిల్లల స్కూలు మ్యాగజైన్, మా నాన్న పెద్దకర్మ కార్డు. ఆ కార్డు ఫైలు పోయింది అనుకుని ఆ రాత్రి నేను ఏడ్చా, మెయిల్‌లో కనపడింది. అమ్మాయీ, ఇవాళే కాపీ తీయండి, తీసింది షాపులో పెట్టకండి.

బ్రాడీపేట_సర్వీసు | సోమవారం, రాత్రి 8:52

అన్నా మాటల్లేవు. ఇది చదివి నేను మా షాపులో నేల మీదున్న మూడు మిషన్లు బల్ల మీదకి ఎక్కించా ఇప్పుడే.

అమ్మా ఈ వరస పాటించండి. ముందు ఏదీ విప్పొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు, ఎస్ఎస్‌డీ తర్వాత. ఆ పాత డిస్క్‌లో ఉన్నదంతా ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ, ఫాంట్లతో సహా, పేజ్‌మేకర్ సెటప్ సీడీ ఉంటే దాన్ని కూడా. ఆ డ్రైవ్ పటమట ఇంట్లో ఉండాలి, గవర్నర్‌పేట షాపులో కాదు. రెండో కాపీ నెట్‌లో, గూగుల్ డ్రైవ్ 15 జీబీ ఉచితం, పేజ్‌మేకర్ ఫైళ్లు చిన్నవే, ఫొటోలు పక్కన పెడితే నాలుగు వేల ఫైళ్లు అందులో పట్టే అవకాశం ఎక్కువ. కాపీ అయ్యాక ఏవో పది ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకోని కాపీ కాపీ కాదు.

ఏలూరురోడ్డు_ప్రూఫులు | సోమవారం, రాత్రి 9:20

సింగ్‌నగర్ బాబూ, ఆ వారం మా చుట్టాలూ అక్కడే ఉన్నారు, పడవ మీద పాలప్యాకెట్లు అందుకున్నారు. నువ్వు రాసినందుకు సంతోషం.

అమ్మాయీ, కాపీ అయ్యాక మార్చే పని. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, పేరా అతికించి బటన్ నొక్కితే తెలుగు వస్తుంది. కానీ వచ్చింది వచ్చినట్టు నమ్మకు. అను వెర్షన్లని బట్టి కోడ్లు తేడా, వత్తులు పక్క అక్షరం కిందకి పోతాయి, "ఘ" ఒకచోట "ఫు" అవుతుంది, సున్నాలు మాయమవుతాయి. పేర్లూ ఇంటిపేర్లూ ఊళ్లూ ఒకటికి రెండుసార్లు చూడాలి, పెళ్లికార్డులో ఇంటిపేరు తప్పు పడితే ఆ కుటుంబం ముప్ఫై ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది, నేను చూశాను.

కొరిటెపాడు_టీచర్ | సోమవారం, రాత్రి 10:02

కన్వర్టర్ తప్పులు మరీ ఎక్కువ వస్తే ఇంకో దారి ఉందండీ, నేను మా స్కూలు పాత ప్రశ్నపత్రాలకి చేసింది. పేజీని పీడీఎఫ్‌గానో బొమ్మగానో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది బొమ్మలో అక్షరాలు చదివి కింద యూనికోడ్ తెలుగులో ఇస్తుంది. ఫాంటు ఏదైనా దానికి పట్టింపు లేదు, కంటికి తెలుగులా కనపడితే చాలు. అచ్చు శుభ్రంగా ఉన్న పేజీకి చాలా బాగా వచ్చింది, పూల అంచులూ వంకీల ఫాంట్లూ ఉన్న కార్డులకి అంత బాగా రాలేదు. గణితం పేపర్లు మాత్రం మళ్లీ కొట్టుకున్నా, దానికన్నా అదే త్వరగా అయింది.

ఫోన్‌లో పంపేటప్పుడు ఒక జాగ్రత్త, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

నాజ్‌సెంటర్_చిన్నోడు | సోమవారం, రాత్రి 10:30

అందరూ ఇంత కష్టపడటం ఎందుకు, ఇప్పుడు శుభలేఖలు ఫోన్ యాప్‌లో ఐదు నిమిషాల్లో చేసేస్తున్నారు కదా. పాత కార్డులు మళ్లీ ఎవరు అడుగుతారు?

సింగ్‌నగర్_డీటీపీ | సోమవారం, రాత్రి 10:44

అడుగుతారు తమ్ముడూ. అక్క పెళ్లికార్డు మాటలే చెల్లెలికి కావాలంటారు. తాత పెద్దకర్మ కార్డులో ఉన్న వంశం పేర్లు మనవడి ఒడుగుకి కావాలంటారు. పుస్తకం వేసిన కవి చనిపోతే ఆయన పిల్లలు రెండో ముద్రణకి వస్తారు. నా దగ్గరికి అట్టా వచ్చినవాళ్లకి వరదలో పోయిందని ఈ ఏడాదిలో ఎన్నిసార్లు చెప్పానో.

నాజ్‌సెంటర్_చిన్నోడు | సోమవారం, రాత్రి 10:51

సారీ అన్నా. అట్లా ఆలోచించలేదు.

లినక్స్_కుర్రోడు | మంగళవారం, ఉదయం 11:10

నాన్నగారికి కొత్తగా ఏం నేర్పాలి అన్న దానికి నా మాట. ఒక్కసారిగా పేజ్‌మేకర్ మాన్పించొద్దు. పాత విండోస్ ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా, ఒక పెట్టెలా పెట్టి, దానికి నెట్ కనెక్షన్ పూర్తిగా తీసేసి, అందులో పేజ్‌మేకర్ వేసివ్వండి. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014లోనే ఆగిపోయింది కాబట్టి నెట్ అస్సలు ఇవ్వకూడదు. పాత ఫైళ్లు తెరవడానికి అది. కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజ్‌మేకర్ లాంటిదే స్క్రైబస్ 1.6, అది ఉచితం, తెలుగు వత్తులు సరిగ్గా కూర్చుతుంది. కాస్త పాత ఫొటోషాప్ ఉంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుంటే తెలుగు విడిపోకుండా వస్తుంది, ఇది తెలియక చాలామంది ఫొటోషాప్‌కి యూనికోడ్ పట్టదు అనుకుంటారు.

ఫాంట్లు లేవు అనేవాళ్లకి, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ధూర్జటి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన అన్నీ ఉచితం, అచ్చుకి కూడా వాడుకోవచ్చు.

ఏలూరురోడ్డు_ప్రూఫులు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

మండలి నిండు పేజీకి బాగుంటుంది, కళ్లకి హాయి. రామభద్ర తలకట్లకి, అదే హెడ్డింగులకి. అయినా అను వాళ్ల దగ్గర ఉన్నన్ని రకాలు యూనికోడ్‌లో ఇంకా రాలేదు, మీ నాన్నగారు ఆ మాట అంటే కాదనకు, ఆయన చెప్పేది నిజమే. శుభలేఖకి ఆ వంకీలు కావాలనే కస్టమర్లున్నారు.

యూనికోడ్‌లో కొట్టేటప్పుడు ఒక చిన్న మర్మం ఉంది, చాలామందికి తెలియదు. "విండోస్‌లో" అని కొట్టాలంటే స పొల్లు తర్వాత కనపడని గుర్తు ఒకటి పెట్టాలి, లేకపోతే ల వచ్చి స కింద వత్తుగా చేరుతుంది. పత్రికల వెబ్‌సైట్లలో కూడా ఇది సగం చోట్ల తప్పే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం వస్తే ఆగిపోయాయి గుర్తుందా, "జ్ఞా" ని ఆ కనపడని గుర్తుతో కలిపి పంపితే అలా అయ్యేది, ఆపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఆ వారం దేశంలో అందరూ మన అక్షరాన్ని వైరస్ అన్నారు, నాకు చాలా బాధేసింది. అక్షరం తప్పు కాదు, దాన్ని తెరమీద కూర్చే సాఫ్ట్‌వేర్ తప్పు. 2021లో నకార పొల్లుకి, అంటే "న్" కి పాత రూపానికి కూడా యూనికోడ్‌లో చోటొచ్చింది, పాత పుస్తకాలు వేసేవాళ్లకి అది ఎంత మేలో చెప్పలేను.

మంగళగిరి_టెస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:40

మధ్యలో ఒక హెచ్చరిక. ఈ విండోస్ 10 వార్త వచ్చాక మా బాబాయికి ఫోన్ వచ్చింది, మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, మేము రెన్యువల్ చేస్తాం, ఈ యాప్ వేసుకుని నంబర్ చెప్పండి అని. ఆయన నమ్మి స్క్రీన్ వాళ్ల చేతికిచ్చేశారు, బ్యాంకు పేజీ తెరవమనేసరికి పిన్నికి అనుమానమొచ్చి మోడెమ్ స్విచ్ కట్టేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్లు మనకి ఫోన్ చెయ్యరు, ఎవరు చేసినా పెట్టెయ్యండి, డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. షాపుల్లో పెద్దవాళ్లకి ముఖ్యంగా చెప్పండి.

పటమట_అమ్మాయి | శనివారం, రాత్రి 9:35

అందరికీ అప్‌డేట్. మంగళవారం రాత్రే ఒక టెర్రాబైట్ ఎక్స్‌టర్నల్ కొన్నాం, బుధవారమంతా కాపీ అయింది. నాన్న షాపు మూసి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, శాతం అంకె ఎంతకొచ్చిందో చదువుతూ. ఫైళ్లు 4,310, ఫొటోలు తీసేస్తే 9 జీబీ కూడా లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించా. ఎక్స్‌టర్నల్ ఇంట్లో బీరువాలో ఉంది, పై అరలో.

గుంటూరు నుంచి సర్వీసు గారు గురువారం విజయవాడలో పనుందని వచ్చి మా షాపుకీ వచ్చారు, ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేసి ఏడాది అప్‌డేట్లకి ఎన్‌రోల్ చేశారు. వస్తువుల ఖరీదు తప్ప ఒక్క రూపాయి పుచ్చుకోలేదు, నాన్న బలవంతంగా భోజనం పెట్టించి పంపారు. పాత డిస్క్‌ని కవర్లో పెట్టి తేదీ రాసి నా చేతికిచ్చారు. టెస్టర్ గారూ, మీ మాట కూడా వదల్లేదు, బ్యాంకు పనులు ఇక నా ల్యాప్‌టాప్‌లోనే, షాపు సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌లన్నీ తీసేశా. ఏడాదిలో సెకండ్స్ సిస్టమ్ కొంటాం.

ఇక మార్చడం. నలభై ఫైళ్లు చేశాం. కన్వర్టర్‌తో మేటర్ బాగానే వస్తోంది గానీ ప్రూఫులు గారు చెప్పినట్టే "ఘ" ఉన్న చోటల్లా తేడా. నిన్న సాయంత్రం నాన్న వర్డ్‌లో సెర్చ్ ఎలా చెయ్యాలి అని అడిగి, "బందరు" అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి ఎంటర్ నొక్కారు. మూడు చోట్ల పసుపు రంగు వెలిగింది. 2003 నుంచి ఉన్న ఫైలు అది, ఇరవై రెండేళ్లలో ఆయన తన సొంత మేటర్‌లో తెలుగు మాట వెతకడం అదే మొదటిసారంట, ఇన్నాళ్లూ ఫైలు పేరు ఇంగ్లీషులో గుర్తుపెట్టుకుని తెరిచేవారు. మళ్లీ "ముహూర్తం" అని కొట్టారు. మళ్లీ ఇంకోటి. షట్టర్ దించేసరికి తొమ్మిదయింది.

ఇప్పుడు సమస్య కవిత్వం పుస్తకాలు. పదకొండున్నాయి. అందులో రెండింటి కవులు లేరు, అచ్చు పుస్తకం కూడా మా దగ్గర లేదు, పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు. కన్వర్టర్ తప్పో కవి కావాలని రాసిందో నాకు తెలియడం లేదు.

ఏలూరురోడ్డు_ప్రూఫులు | శనివారం, రాత్రి 9:58

అమ్మా, పేజ్‌మేకర్ పేజీని ఉన్నది ఉన్నట్టు పీడీఎఫ్ తియ్యి, కన్వర్టర్‌లో వచ్చింది పక్కన పెట్టు, రెండూ కలిపి నాకు పంపు. బొమ్మ ఎప్పుడూ నిజమే చెప్తుంది, దాన్ని చూసి దిద్దుతాను. కవిత్వంలో పాదం ఎక్కడ విరిగిందో కూడా బొమ్మలోనే తెలుస్తుంది, కన్వర్టర్ దాన్ని పేరా చేసేస్తుంది. ఆ లేని ఇద్దరివే ముందు పంపు.

సింగ్‌నగర్_డీటీపీ | శనివారం, రాత్రి 10:06

అమ్మాయీ కొన్ని నాకూ పంపు, నాకు అను వచ్చు, రాత్రిళ్లు ఖాళీయే. ఇంకోమాట, ఆ పదకొండులో 2010 తర్వాత వేసినవి ఏమైనా ఉంటే పేర్లు పెట్టు, ఆ రోజుల్లో మేం ఒకరి పనులు ఒకరం చేసుకునేవాళ్లం, నా సెంట్ మెయిల్‌లో పీడీఎఫ్ ఉందేమో చూస్తా.